ఒకే తొట్టి నీళ్ళు

పోయినవారం మా వదినను దిమ్మలు పగలగొట్టే మిషను ముందు నిలబెట్టి వచ్చేశాను. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఎడమచేతి గోళ్ళు అయిపోయాయి, కుడిచేతివి మొదలుపెట్టింది. ఆమె వెనక టీ ఫ్లాస్కుతో మా అమ్మ, అమ్మ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని మా నాన్న, వాళ్ళిద్దరి మధ్యలోంచి మెడ సాచి చూస్తూ నేను. కుట్టుమిషను తప్ప ఇంకో మిషను ఎరగని దానివి, నీకక్కడేం పని అంటారా? మా ఇంటి గొడవ ఇంకోచోట జరుగుతుంటే కొట్టు మూసుకుని రాకుండా ఎలా ఉంటాను!

ఈవారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి ఒక్క ముక్క. మా వీధి చివర కాలువ మీద ఒక కాలినడక వంతెన ఉంది. మా నాన్న కాంట్రాక్టరుగా చేసిన మొట్టమొదటి పని అది. నాకంటే అదే ఆయనకి పెద్దకూతురని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడు దానికి ఒళ్ళంతా బీటలు. కూలగొట్టమని ఆర్డరు వచ్చింది. అది పోతే అవతలి గట్టు మీదున్న బడికి, బజారుకి, ఆస్పత్రికి ఊరంతా చుట్టి పోవాలి. కొత్తది ఎప్పుడు కడతారంటారా, కట్టేవాళ్ళకే తెలియదు.

మా వదిన చదువంతా కాంక్రీటు మీద. పేరు ముందు డాక్టరు ఉంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె డాక్టరమ్మ. దగ్గుకి మందడిగినవాళ్ళు కూడా ఉన్నారు. వేడినీటి బుగ్గల్లో బతికే ఒక రకం బాక్టీరియా నుంచి ఆమె ఒక ప్రొటీన్ తీసింది. బాక్టీరియా ఉండదు, దాని ఒంట్లోంచి తీసిన ప్రొటీన్ మాత్రమే. అది కలిపితే కాంక్రీటు లోపలి సన్నసన్న సందుల్లో సూదుల్లాంటి పలుకులు పుట్టి, సందులన్నీ పూడి, రాయిలా బిగుస్తుందని ఆమె మాట. "పురుగుల రసం పోసిన సిమెంటా! నా కంఠంలో ప్రాణముండగా నా వంతెన మీద పడనివ్వను" అని మా నాన్న మాట. ఈ రెండు మాటల మధ్య మా అన్నయ్య అడకత్తెరలో పోకచెక్క. డ్రాయింగు మాస్టారు కాబట్టి, ఎవరి పక్షమూ చెప్పకుండా తలుపేసుకుని బొమ్మలేసుకుంటున్నాడు.

వంతెన బాధ్యత చూసే ఇంజనీరు చివరికి ఒక మెలిక పెట్టాడు. ఒకే కొలతలతో కాంక్రీటు కలిపి, సగం దిమ్మల్లో ప్రొటీన్ వేసి, సగంలో వెయ్యకుండా, రెంటినీ నీళ్ళలో నానబెట్టి పగలగొట్టి చూద్దామన్నాడు. ప్రొటీన్ దిమ్మలు గట్టిగా నిలబడితే కూల్చడం వాయిదా వేయిస్తాడు. తేడా లేకపోతే మర్నాడు పొద్దున్నే కూల్చే యంత్రం వస్తుంది. పైగా పోతూపోతూ ఒక ప్రశ్న కూడా వేసిపోయాడు: "కొత్త కాంక్రీటులో కలుపుతారు, బాగానే ఉందమ్మా. ఎప్పుడో గట్టిపడిపోయిన వంతెనలో ఎలా కలుపుతారు?" దానికి మా వదిన దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆమె అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇదీ సంగతి. ఇక పక్కవీధి పరీక్షల గదిలో ఆ మిషను దగ్గరికి రండి.

ఎర్రచుక్క పెట్టినవి ప్రొటీన్ దిమ్మలు, పచ్చచుక్కవి మామూలువి. ముందు ఎర్రచుక్క దిమ్మను మిషను పళ్ళెం మీద పెట్టారు. పైనుంచి ఇనుప బిళ్ళ మెల్లగా దిగింది. బరువు చూపే ముల్లు ఇరవై దాటింది. ముప్పై దగ్గరికొచ్చింది. మామూలు దిమ్మ అయితే అక్కడ పగలాలట. ముల్లు ఆగలేదు. నలభై దాటాక ఠప్పుమని పగిలింది.

వదిన నన్ను గట్టిగా గిల్లింది. సంతోషం వస్తే గిల్లడం ఆమె అలవాటు, నా చెయ్యి చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాతి రెండూ అంతే. అమ్మ అప్పుడే మూత తీసి అందరికీ టీ పోయడం మొదలుపెట్టింది. "నవ్విన నాపచేనే పండుతుందన్నారు" అని నాన్న వైపు చూసి మరీ అంది. నాన్న మొహం తిప్పుకున్నాడు. కానీ టీ తీసుకున్నాడు. ఓడిపోయినప్పుడు ఆయన టీ తీసుకోడు. ఏంటి సంగతి అనుకున్నాను.

తర్వాత పచ్చచుక్క దిమ్మ పెట్టారు. ఇరవై. ముప్పై. వదిన మొహంలో నవ్వు అలాగే ఉంది. ముప్పై ఐదు. నవ్వు ఆగిపోయింది. నలభై దాటాక ఠప్పుమంది.

"ఇంకోటి పెట్టండి" అంది వదిన.

ఇంకోటీ నలభై దాటింది. మూడోదీ అంతే. అమ్మ పోసిన టీలు పోసినట్టే చల్లారిపోతున్నాయి.

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డమనిషి కాదు, కాకపోతే ముక్కుసూటి మనిషి. "తేడా ఏదమ్మా?" అన్నాడు. "కలిపినవీ నలభై, కలపనివీ నలభై. మరి మీ ప్రొటీన్ చేసిన గొప్పేంటి?"

వదిన పగిలిన ముక్కల ముందు గొంతుక్కూర్చుంది.

"నాకింకో అనుమానం" అన్నాడు ఇంజనీరు ఇటు తిరిగి. "మామూలు దిమ్మలు ముప్పై దగ్గర పగలాలి. ఇవేమన్నా గాలికి బలిశాయా? కాంక్రీటు ఎవరు కలిపారు?"

"నేనే" అన్నాడు నాన్న.

"రెండు రకాలకీనా?"

"రెండిటికీ నేనే. ప్రొటీన్ మాత్రం తనే పోసుకుంది."

"మామూలువాటిలో సిమెంటు కాస్త ఎక్కువ పడిందేమో గుర్తు చేసుకోండి కాంట్రాక్టర్ గారూ. మీకు ఈ ప్రొటీన్ గిట్టదని ఊరంతా తెలుసు."

మాట మెత్తగానే ఉంది. కానీ దాని అర్థం మా అందరికీ తెలిసింది. కోడలు ఓడిపోవాలని మామగారు దొంగచాటుగా సిమెంటు పోశాడని! నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న మొహం వైపు చూడలేకపోయాను. ఆయన ఎంతమందితోనైనా పోట్లాడి ఉండవచ్చు, కొలతలో తేడా చేశాడన్న మాట మాత్రం ఎప్పుడూ పడలేదు. ఆ మాట ఇవాళ పడింది, అదీ కోడలి ముందు.

అమ్మ ఫ్లాస్కు బల్ల మీద ఠక్కున పెట్టింది. "ఏం బాబూ! మా ఆయన మొండివాడు, నోటిదురుసు మనిషి, గురక పెట్టి వీధిని లేపుతాడు. అన్నీ నేనే ఒప్పుకుంటాను. కానీ సిమెంటు దగ్గర మోసం చేశాడంటే మాత్రం ఊరుకోను. తక్కువ వేసే రకమే అయితే మాకీపాటికి రెండు మేడలుండేవి!"

"అమ్మా, ఎక్కువ వేశాడంటున్నారు" అన్నాను చిన్నగా.

"ఎక్కువ వెయ్యడానికి ఆయనకేమన్నా పిచ్చా!" అని ఇంకా లేచింది అమ్మ.

ఇంత జరుగుతున్నా నాన్న నోరు మెదపడే! తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కొంపదీసి నిజంగానే పోశాడా?

వదిన మాత్రం ఇవేవీ వింటున్నట్టు లేదు. పచ్చచుక్క దిమ్మ ముక్కలు రెండు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతురుకి అటూ ఇటూ తిప్పింది. వేలితో రాసింది. నాలిక్కి తాకించుకుంది కూడా. అమ్మ "ఛీ ఛీ" అంది. తర్వాత ఒక ఎర్రచుక్క ముక్క తీసి దాని పక్కన పెట్టుకుని చూసింది.

"మామయ్యా" అంది, వెనక్కి తిరగకుండానే. "వీటికి నీళ్ళెక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటి. పెరట్లో."

"పెరట్లో ఏ తొట్టిలో?"

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"నేను ఊరెళ్తూ రెండు తొట్లు పెట్టి వెళ్ళాను. ఎర్రచుక్కవి నీలం తొట్టిలో, పచ్చచుక్కవి నల్లదాంట్లో. వచ్చేసరికి మీరు అన్నీ పైకి తీసి గోనెల మీద ఆరబెట్టేశారు. ఏ తొట్టి మామయ్యా?"

"నీలందే. అది పెద్దది కదా."

"అందులో ఏవి పెట్టారు?"

"అన్నీ" అన్నాడు నాన్న.

వదిన ఇటు తిరిగింది. నాన్న ఇక ఆగలేదు, కట్ట తెగినట్టు మొదలుపెట్టాడు. "నువ్వు వెళ్ళిన మర్నాడే కలిపేశానమ్మా. ఒకదానికో తొట్టి, ఇంకోదానికో తొట్టి ఏంటి? ఒకటి నీడలో ఉంటుంది, ఒకటి ఎండలో ఉంటుంది. ఒకదాంట్లో నీళ్ళు వేడెక్కుతాయి, ఒకదాంట్లో వేడెక్కవు. రెండు దిమ్మలు పోల్చాలంటే ఒకే నీళ్ళు తాగాలి. నేను పనిలో ఉన్నన్నాళ్ళూ అదే పద్ధతి. రేపెవడైనా వచ్చి, కోడలు తన దిమ్మలకి మాత్రం మంచి తొట్టి పెట్టుకుంది అంటే? ఆ మాట నీ మీద పడకూడదని చేశాను. నిన్ను ఓడించాలని కాదు. ప్రొటీన్ నాకు గిట్టదు, నిజమే. నువ్వు గిట్టకపోవడమేంటి?"

నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంత ప్రేమ ఉన్నవాడు ఒక్కరోజైనా ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడి చావొచ్చు కదా!

వదిన ఏడుస్తుందనుకున్నాను. కోప్పడినా తప్పులేదనుకున్నాను, తన కష్టమంతా ఆ తొట్టిలో కలిపేశాడు మరి. ఆమె రెండూ చెయ్యలేదు. ఒక్క అరుపు అరిచి, పరిగెత్తుకొచ్చి, మా నాన్నను గట్టిగా వాటేసుకుంది. మా ఇంట్లో నాన్నను వాటేసుకునే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గాల్లో అలాగే ఉంచేశాడు.

"మామయ్యా, మీరెంత మంచి తప్పు చేశారో తెలుసా!"

"తప్పులో మంచేంటే!" అంది అమ్మ.

వదిన ఆ రెండు ముక్కలూ ఇంజనీరు చేతుల్లో కుక్కింది. "చూడండి సార్. సిమెంటు ఎక్కువైతే ముక్కంతా ఒకేలా ఉండాలి కదా? ఈ పచ్చచుక్క దాన్ని చూడండి. చుట్టూ అంచు మాత్రమే తెల్లగా, నున్నగా ఉంది. నడుమంతా మామూలే. నా ఎర్రచుక్కది చూడండి, ఆ తెలుపు అంతటా ఉంది. అంటే దీంట్లోకి బయటి నుంచి ఎక్కింది. నా దిమ్మల్లోంచి ప్రొటీన్ నీళ్ళలోకి దిగింది. ఆ నీళ్ళలోంచి వీటిలోకి దూరింది. ఒక్క అంచు బిగుసుకుంటేనే దిమ్మ నలభై మోసింది!"

ఇంజనీరు ముక్కలను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. "అంటే" అన్నాడు మెల్లగా, "కలపనే అక్కర్లేదు."

"అక్కర్లేదు! తడిపితే చాలు. గట్టిపడ్డ కాంక్రీటు దానంతటదే తాగుతుంది. మీరు ఆరోజు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే సార్. నేను ఎంత ఆలోచించినా తట్టలేదు. మా మామయ్య ఒక్క తొట్టితో తేల్చేశారు!"

నాన్న ఇంకా చేతులు గాల్లోనే ఉంచుకున్నాడు. అమ్మ వెళ్ళి కిందకి దించింది.

ఇంజనీరు ఆయన దగ్గరికి వచ్చాడు. "కాంట్రాక్టర్ గారూ, నోరు జారాను. మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకుంటాను" అన్నాడు నాన్న. "వంతెన నిలబడితే అప్పుడు తీసేస్తాను."

అక్కడే వచ్చింది చిక్కు. ఇంజనీరు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. ఈ దిమ్మలు మొన్నమొన్న పోసినవి, అవి తాగాయి సరే, ఎండకీ వానకీ ముదిరిన వంతెన తాగుతుందని ఏమిటి నమ్మకం అన్నాడు. నెలరోజులు గడువిస్తే చూపిస్తానంది వదిన. "నెల ఎక్కడిదమ్మా? రేపు పొద్దున్న యంత్రం వస్తుంది. పాత కాంక్రీటు మీద పనిచేసిందని ఒక్క ఋజువు చూపించండి, ఈ క్షణంలో ఆపించేస్తాను. అంచు తెల్లబడిందని చెబితే ఆఫీసులో నా మొహాన నవ్వుతారు."

అప్పటిదాకా వెలిగిపోతున్న వదిన మొహం మళ్ళీ వాడిపోయింది. "కనీసం ఆ తొట్టి నీళ్ళయినా ఉన్నాయా మామయ్యా? ఇవాళే మొదలుపెడదాం."

నాన్న మళ్ళీ నేల చూపులు మొదలుపెట్టాడు. ఈయన ఇంకా ఏం చేసి పెట్టాడ్రా దేవుడా!

"తొట్టిలో లేవు. వారం వారం మార్చాను కదా, నీళ్ళు మురుగుతాయని."

"పారబోశారా?"

"నీళ్ళు పారబోసే మనిషినా నేను?" అన్నాడు నాన్న రోషంగా. తర్వాత గొంతు తగ్గించాడు. "క్యాన్లలో పట్టుకెళ్ళి వంతెన మీద పోశాను. మెట్లెక్కగానే, మొదటి మలుపు దగ్గర."

"అక్కడెందుకు?" అంది అమ్మ.

"కూల్చేస్తారంటున్నారు కదే. పోయేవాళ్ళ గొంతులో చుక్క నీళ్ళు పోస్తాం. నేను పుట్టించినదానికి ఆమాత్రం చెయ్యకూడదా? నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. వదిన, ఇంజనీరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మొదటి మలుపు దగ్గరంటే" అన్నాడు ఇంజనీరు లేస్తూ, "నేను ఎర్రరంగు కొట్టిన పగులు..."

ఆ మాట పూర్తికాకముందే వదిన గుమ్మం దాటేసింది. ఆమె వెనక ఇంజనీరు, ఆయన వెనక నేను. అమ్మ ఫ్లాస్కు మర్చిపోయి, మళ్ళీ వెనక్కెళ్ళి తెచ్చుకుని మరీ పరిగెత్తింది. మిషను ఆపరేటరు ఒక్కడే చల్లారిన టీల మధ్య నిలబడిపోయాడు.

వంతెన మెట్ల దగ్గర అడ్డంగా తాడు కట్టి ఉంది. దాటుకుని ఎక్కాం. మొదటి మలుపు దగ్గర నేల మీద రెండు ఎర్రగీతలు పక్కపక్కనే పాకుతున్నాయి. పోయిననెల ఇంజనీరే గీయించాడు, ఆ రెండిటి నడుమ ఉన్న పగులు ఎంత వెడల్పు అవుతుందో చూడడానికి. అప్పుడాయన తన గుర్తింపు కార్డు అందులో దూర్చి చూపించాడు, సగం దాకా దిగింది. అది చూసి నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ గీతల నడుమ పగులు లేదు.

సన్నని తెల్లటి గీత ఉంది, చిరుగుకి రఫ్ఫు కుట్టిన చొక్కా మీద దారం కనపడ్డట్టు. ఇంజనీరు ఇస్త్రీ చేసిన ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చుని కార్డు తీశాడు. దూరలేదు. గోటితో గీరాడు. జేబులోంచి తాళంచెవి తీసి పొడిచాడు. తాళంచెవి జారింది తప్ప గీత చెక్కుచెదరలేదు. కొంచెం అవతల, నీళ్ళు పడనిచోట, అదే పగులు నోరు తెరుచుకుని అలాగే ఉంది.

"ఇదమ్మా ఋజువు!" అన్నాడు ఇంజనీరు. ఆయనకి అంత పెద్ద గొంతు ఉందని నాకు తెలియదు.

వదిన నన్ను రెండు చేతులా గిల్లింది. అమ్మ, వదిన, నేను ఒకరి చేతులొకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతుతుంటే, "మెల్లగా, మెల్లగా, వంతెన!" అని కేకలేస్తూ నాన్న మెట్లెక్కి వచ్చాడు. రొప్పుతూ వంగి, ఆ తెల్లగీతను అరచేత్తో తడిమాడు. "రోజూ చూస్తున్నాను, మట్టి పూడిందేమో అనుకున్నాను" అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. "కోడలా, నీ పురుగులకి నా దండం చెప్పవే!"

"పురుగులు కాదు మామయ్యా, ప్రొటీన్!"

"ఏదో ఒకటి. దానికీ ఒక దండం!"

ఇంజనీరు అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. "ఆపెయ్యండి. అవును, వంతెన పనే. రేపు యంత్రం పంపొద్దు." కాసేపు విన్నాడు. మొహం మారిపోయింది. "ఏంటీ? ఇవాళే ఎందుకు పంపారు? డ్రైవరుకి రేపు సెలవైతే...? వెంటనే ఫోన్ చెయ్యండి వాడికి! ఎత్తకపోవడమేంటి?"

అప్పుడు వినపడింది మాకందరికీ. వీధి మొదట్లో గడగడమని చప్పుడు. పసుపురంగు యంత్రం, ముందు పొడుగాటి ఇనుప ముక్కు పైకెత్తుకుని, మా కొట్టు దాటి కాలువ వైపు తిరుగుతోంది. లోపల డ్రైవరు చెవులకి పాటలు వినే పెద్ద డిప్పలు పెట్టుకుని, హాయిగా తల ఊపుకుంటూ వస్తున్నాడు. ఇంజనీరు రెండు చేతులూ ఊపాడు. వదిన చున్నీ ఊపింది. అమ్మ ఫ్లాస్కు ఊపింది. వాడి చూపంతా ఇనుప ముక్కు మీదే ఉంది.

నాన్న ఏమీ ఊపలేదు. మలుపు నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన వదిన కూర్చుంది. వదిన పక్కన అమ్మ, అమ్మ పక్కన నేను. యంత్రం మెట్ల దగ్గరికొచ్చింది. తాడు పుటుక్కున తెగింది.

ఇంజనీరు ఫోను వైపు చూశాడు, యంత్రం వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"ఇటు రండి సార్" అన్నాడు నాన్న, పక్కకి జరిగి రెండు ఎర్రగీతల నడుమ చోటు చూపిస్తూ. "ఇక్కడ కూర్చోండి. ఇక్కడ గట్టిగా ఉంది."